వేణి కాగితంలో ఖాళీ ఏళ్లు

జూన్ 3
ఇవాళా ఉద్యోగానికి రమ్మని ఫోన్ రాలేదు. రాజోలు నుంచీ లేదు, మలికిపురం నుంచీ లేదు. మా అమ్మాయి సత్యవేణి రొయ్యల ల్యాబులో ఏళ్లతరబడి చేసిన మనిషి. నాకు పక్షవాతం వచ్చి పడిపోయిన రోజున మానేసింది. నాలుగేళ్లు నన్ను ఎత్తింది, దించింది. నేను లేచి తిరుగుతున్నాను... దానికి పని లేదు. మొగుడూ లేడు. నా తర్వాత దానికెవరు?

జూన్ 4
అమలాపురంలో నెట్ సెంటర్ సూరిబాబు రెజ్యూమె చూసి పెదవి విరిచాడు.
"ఏళ్ల వారీగా రాసేరు కదండీ, అదే చిక్కు. నాలుగేళ్లు ఖాళీగా కనపడిపోతన్నాయండి. పనుల వారీగా మార్చేద్దాం. నీళ్ల పరీక్ష, రొయ్యపిల్లల పరీక్ష, అన్నీ పైన. ఏళ్లు కింద ఓ మూల. ఎవరు చూస్తారండీ?"
"చూస్తే?" అంది వేణి.
"ఆయ్, చూసినప్పుడు చూద్దామండి."
మార్చెయ్యి బాబూ అన్నాను. ఆ ఖాళీ నేనే కదా. నన్ను దాచేస్తే దానికి ఉద్యోగం వస్తుందంటే, దాచెయ్యనీ.

జూన్ 8
పిలుపు! ఉప్పలగుప్తంలో కొత్త ల్యాబు. ఎల్లుండి రమ్మన్నారు. ఎదురుగా కూర్చోబెట్టి ఏళ్ల లెక్కడిగితే...?

జూన్ 9
ఘోరం చేశాను. వేణి స్నానానికి వెళ్లినప్పుడు ఆ కాగితాలకు నాలుగు మూలలా పసుపు రాశాను. శుభమా అని బయల్దేరే కాగితం, బోసిగా ఎలా పంపను? తడి పసుపు... అక్షరాల మీదికి పాకింది.
"అమ్మా! ఇదేవన్నా శుభలేఖనుకున్నావా?" నవ్విందో, ఏడ్చిందో. మళ్లీ అమలాపురం పరుగు.
తెచ్చినవి చూస్తే మళ్లీ ఏళ్ల వారీ! ఖాళీ ఉన్నచోట ఒక వరస. చదివి వినిపించింది — అమ్మకు పక్షవాతం, ఇంట్లో ఉండి చూసుకున్నాను, ఇప్పుడు కోలుకున్నారు.
"నా జబ్బు వాళ్లకెందుకే?"
"తీసేస్తే ఆ నాలుగేళ్లూ గోళ్లు గిల్లుకుంటా కూచున్నట్టుంటదమ్మా. సూరిబాబు నెత్తి కొట్టుకున్నాడులే."
పంపింది ఒకటి, పట్టుకెళ్లేది ఒకటి. భగవంతుడా.

జూన్ 10
వెళ్లింది. అన్నం సయించలేదు. బస్సు చప్పుడైనప్పుడల్లా వీధిలోకి...
వచ్చింది. మేనేజరు గారు ఆ వరస దగ్గరే ఆగారట. "అమ్మగారికి మళ్లీ వస్తే మానేస్తారాండీ?" అని.
"లేదండీ, మా అమ్మ నాకే వండి పెడతంది" అందట.
ఆయన కాగితం మడిచి దగ్గర పెట్టుకుని, ఫోన్ చేస్తామన్నారట.

జూన్ 12
తీసుకున్నారు. సోమవారం చేరాలి. దేవుడికి దీపం పెట్టాను. వేణి నవ్వు చూసి ఎన్నాళ్లయిందో.

జూన్ 13
మొహం కడుక్కుంటుంటే చెంబు జారింది. ఎడమ చెయ్యి. వేళ్లు పట్టడం లేదు.
"ఏవైందమ్మా?" లోపల్నుంచి.
"ఏం లేదే, పిల్లి."
చేతిని కొంగు కింద పెట్టుకున్నాను. సోమవారానికని కట్టి చూసుకుంటున్న దాని కొత్త చీర కుచ్చిళ్లు కుడి చేత్తోనే సర్దాను. చెప్పాలి... చెబితే సోమవారం వెళ్లదు. వెళ్లాక చెబితే...
అద్దంలో చూసుకున్నాను. మూతి తిన్నగానే ఉంది. ఇంకోసారి చూసుకోవాలి.