స్విచ్ ఏ తీగకు పెట్టాలి

గురువారం రాత్రి, కల్లూరు

ఆదివారం వైర్‌మన్ పరీక్ష. కోచింగ్ సెంటర్ వాళ్లిచ్చిన జిరాక్స్ గైడులో స్విచ్‌ను న్యూట్రల్ తీగకు పెట్టాలని జవాబు ఉంది. పెట్టాల్సింది కరెంటు వచ్చే ఫేజ్ తీగకు. మొదట నేనే తప్పనుకున్నాను. మా ఇంట్లో అడగడానికి చదువుకున్నవాళ్లు లేరు, అచ్చులో ఉంటే నిజమేనని నమ్మడం నాకు అలవాటు. అందుకే ఈ రోజు ల్యాబులో గైడు చెప్పినట్టే వైరింగ్ చేసి, స్విచ్ ఆపి, హోల్డరులో టెస్టర్ పెట్టి చూశాను. టెస్టర్ వెలిగింది. ఆపాననుకుని బల్బు మార్చబోయేవాళ్లకు షాక్ కొడుతుంది.

సారుకు చూపించాను. "శానా ఏండ్ల నుంచి ఇదే గైడు నడుస్తాండాది పాపా. పరీక్షలో దీనికే మార్కు. అందరినీ తికమక పెట్టొద్దు" అన్నాడు.

ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో మా బ్యాచ్ హుసేన్‌బీ కూడా నన్నే తిట్టింది. "ఏమే, సారు కంటే నీకు ఎక్కువ తెలుసా? ముందు పాసు కానీ."

"పాసయినాంక ఎవరింట్లోనన్నా న్యూట్రల్‌కే పెడతావా?"

"పెడతానేమో. బట్టీ పట్టింది అదే కదే!" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. బ్యాచ్ అంతా అదే బట్టీ పడుతోంది.

పరీక్షలో నేను ఫేజ్ అనే పెడతాను. ఆ ఒక్క మార్కుతో పోతానేమోనని భయంగానే ఉంది, ఫెయిలైతే ఇంట్లో రెండోసారి పంపరు. అయినా రేపు అందరికంటే ముందు పోయి, నల్లబల్ల మీద సరైన జవాబు పెద్దగా రాసి పెడతాను. సారు తుడిపేస్తాడు. ఆలోపు కొందరైనా చూస్తారు.