పరీక్ష రాయని కారు

అల్ఫారెట్టా,
మార్చి 2008

చిరంజీవి మోజెస్‌ను దీవించి డాక్టర్ దేవకుమార్ రాయునది.

పెళ్లయ్యాక మా పర్సిస్‌ను చర్చి నుంచి నీ పాత కారులో తీసుకెళ్తానని, ముందుగా దానికి నన్నే ప్రతిష్ఠ ప్రార్థన చెయ్యమని అడిగావు. కాబోయే అల్లుడివి కదా అని సరేనన్నాను. నిన్న అమ్మాయి ఫొటో చూపించింది. కారు వెనకాల జీటీఓ అని మూడక్షరాలు. అదేమిటని పక్కింటి రఘువీర్‌ను అడిగితే, రేసుల్లోంచి వచ్చిన పేరన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. రేసులంటే పందేలు. గుర్రప్పందాలతో మా బాబాయి సంసారం గుల్లయిపోయింది. సంఘపెద్దగా ఇన్నేళ్లు జూదం తప్పని చెప్పి, ఇప్పుడు పందేల బండి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యనా? ఆ పేరున్నంత కాలం మా అమ్మాయి ఆ కారెక్కదు.

నీ మేలు కోరే
డాక్టర్ దేవకుమార్

తా.క. ఆ ఎరుపు రంగు సంగతి విడిగా మాట్లాడదాం.


నోవై

గౌరవనీయులైన మామయ్య గారికి వందనాలు.

మీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. ఈ నోవై ఊళ్లో మూడు చలికాలాలు గరాజ్‌లో వేళ్లు కొంకర్లు పోతున్నా ఆ కారును బాగుచేసుకున్నాను. అది ఏ పందెంలోనూ పరుగెత్తలేదు. ఇటలీలో కొన్ని రేసు కార్లకు ఆ మూడక్షరాలు ఉండేవి. పరీక్షించి, రేసుకు పనికొస్తుందని ఒప్పుకున్న కారు అని వాటి అర్థం. 1964లో ఇక్కడ అమెరికాలో పాంటియాక్ కార్ల కంపెనీ వాళ్లు తమ మామూలు కారులో పెద్ద ఇంజన్ పెట్టి, పేరు బాగుందని అదే తగిలించారు. అప్పటికే వాళ్ల పై కంపెనీ రేసుల జోలికి వెళ్లొద్దని ఆర్డర్ వేసింది. కాబట్టి దీన్ని రేసు కోసం ఎవరూ పరీక్షించలేదు, ఎవరూ ఒప్పుకోలేదు. ఉత్త పేరే. మీరు నిశ్చింతగా ప్రార్థన చెయ్యండి.

మీ మోజెస్

తా.క. రంగు పర్సిస్ సెలెక్ట్ చేసింది. ఆ సంగతి మీకు చెప్పొద్దంది.


అల్ఫారెట్టా

మోజెస్‌కు,

ఈసారి చిరంజీవి అని రాయబుద్ధి కాలేదు. పందేల బండి అనుకుంటే దొంగ బండి అని తేలింది. పరీక్షే రాయకుండా పాసైనట్టు వీపున రాసుకుని ఊరంతా తిరుగుతుందా? పందేలాడేవాడు కనీసం ఆడానని ఒప్పుకుంటాడు. అర్హత లేని బిరుదు తగిలించుకుని తిరిగేవాళ్లంటే నాకు అసహ్యం. సిగ్గుండాలి. ఆ అక్షరాలు పీకేసి ఫొటో పంపు. లేదంటే పెళ్లి సంగతే మళ్లీ ఆలోచించాల్సి వస్తుంది.

డాక్టర్ దేవకుమార్

తా.క. కవరు మీద నా పేరు ముందు డాక్టర్ అని రాయలేదు నువ్వు. పోస్ట్‌మన్ ఏమనుకుంటాడు?


నోవై

మామయ్య గారికి వందనాలు.

అక్షరాలు తీసేశాను. ఫొటో ఇందులో పెట్టాను. వాటి చోట రంధ్రాలు మిగిలాయి. నాకు పర్సిస్ కంటే కారు ఎక్కువ కాదు గనక తీశాను. కానీ కారుకొక న్యాయం, మనుషులకొక న్యాయం ఉండకూడదు గదా. హైదరాబాదు సభలో మీకు గౌను తొడిగి డాక్టరేటు ఇచ్చారని, పరీక్ష మాట అటుంచి అప్లికేషన్ కూడా అడగలేదని ప్రధానం రోజు మీరే సంతోషంగా చెప్పారు. అందుకని విజయవాడలో మా పెళ్లి కార్డులు అచ్చువేస్తున్న సత్యం గారికి ఫోన్ చేసి, మీ పేరు ముందు డాక్టర్ తీసెయ్యమన్నాను. శ్రీ దేవకుమార్ అని వస్తుంది.

మీ మోజెస్

తా.క. ఈసారి కూడా కవరు మీద సరిగ్గానే రాశాను.


అల్ఫారెట్టా

చిరంజీవి మోజెస్‌కు ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. ఎంత పొగరు నీకు! కోపం తగ్గాక ఆలోచించాను. మీ నాన్న నీకు మోజెస్ అని పేరు పెట్టాడు. అప్పటికి నువ్వు బైబిల్లోని మోజెస్‌లా ఏ సముద్రాన్ని చీల్చావు? పేరు ముందే పెడతారు, దానికి తగ్గట్టు బతుకుతారన్న ఆశతో. కారుకైనా అంతే, నాకైనా అంతే. ఆ అక్షరాలు వెంటనే బిగించు. ప్రార్థన నేనే చేస్తాను, బిగ్గరగా చేస్తాను. సత్యం గారికి మాత్రం ఈ రోజే ఫోన్ చెయ్యి.

డాక్టర్ దేవకుమార్

తా.క. నాయనా, ఈ ముక్క మీ అత్తయ్య విమలకుమారి రాస్తోంది. కవరు అంటించే పని నాది. నేను సత్యం గారికి ఫోన్ చేశాను. నువ్వు ఆయనతో మాట్లాడనే లేదట, కార్డులో డాక్టర్ అలాగే ఉందట. నేను మీ మామయ్యకు చెప్పలేదు, నువ్వూ చెప్పకు. ఫొటోలో నాకు రంధ్రాలు కనబడలేదు గానీ అక్షరాల మీద అంటించిన ఎర్ర టేపు కనబడింది. దాన్ని మెల్లగా లాగు. రంగు ఊడొచ్చిందంటే పర్సిస్ ఊరుకోదు.