బండ మీద పడిన పళ్ళెం

కొనకనమిట్ల,
మే 4

ప్రియమైన బావకు,

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. నువ్వు ఫోన్ చేస్తే మీ అమ్మ స్పీకర్ పెట్టిస్తుంది. ఈ మాట ఆమె ముందు చెప్పలేను. మన రమ్యకు వినపడటం లేదని నాకు అనుమానం.

పది నెలల పిల్ల. లైటు వేస్తే కళ్ళు చికిలిస్తుంది. అరికాలు గోకితే వేళ్ళు ముడుచుకుంటుంది. తాలింపు ఘాటుకు మనకంటే ముందే తుమ్ముతుంది. కుక్కర్ మాత్రం పక్కనే కూత పెట్టినా తల తిప్పదు. అత్తమ్మతో అంటే, పాప వెనక బండల మీద స్టీలు పళ్ళెం పడేసింది. పాప గిరుక్కున తిరిగింది. "చూసినావా? బంగారంలాంటి పిల్లకు లేని రోగం అంటగట్టబాక" అని నామీద లేచింది. నా మనసు మాత్రం ఊరుకోవడం లేదు.

నీ మాట కోసం చూస్తుంటాను.

నీ దీవెన


బెంగళూరు,
మే 13

ప్రియమైన దీవెనకు,

పళ్ళెం చప్పుడుకు తిరిగిందని నువ్వే రాశావు. ఇంకేం కావాలి? ఆసుపత్రి మెట్లెక్కితే ఊళ్ళో చెవిటిపిల్ల అని పేరు పడుతుంది. ఆ పేరు పెద్దయినా వదలదు. అమ్మను బాధపెట్టకు. ఇక్కడ అపార్ట్‌మెంట్‌లో ఇంకా నాలుగు అంతస్తులకు టైల్స్ వెయ్యాలి, ఇప్పట్లో రాలేను. పాపకు నా ముద్దులు.

నీ వినయ్


కొనకనమిట్ల,
మే 22

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోపంతో ఒకసారి, కోపం తగ్గిందేమోనని ఇంకోసారి. తగ్గలేదు.

నువ్వు బండలు పరిచేవాడివి, నీకే చెబుతున్నా విను. పాపను మంచం మీద బొంతపై కూర్చోబెట్టి, వెనక అదే పళ్ళెం అదే ఎత్తు నుంచి పడేశాను. తిరగలేదు. కింద బండ మీద కూర్చోబెట్టి పడేస్తే తిరిగింది. మూడు రోజులు అలాగే చూశాను. పాప చప్పుడు విని తిరగడం లేదు బావా, బండ అదురు ఒంటికి తగిలి తిరుగుతోంది.

పొదిలిలో పిల్లల డాక్టరుకు చూపించాను. నిద్రపుచ్చి తలకు వైర్లు పెట్టి చేసే పరీక్ష ఒకటుందట. ఒంగోలులో జూన్ ఆరుకు పాప పేరు రాయించుకున్నాను. ఎంత తొందరగా తెలిస్తే మాటలు రావడానికి అంత మంచిదన్నాడు. ఊరు ఏ పేరైనా పెట్టుకోనీ. నా కూతురు నన్ను అమ్మా అని పిలవాలి. నువ్వు వచ్చినా రాకపోయినా నేను పోతున్నాను.

ఒక్కటే అర్థం కాలేదు. "మన రెండిళ్ళల్లో ఎవురికీ లేదు గదత్తా, దీనికెట్ల వచ్చింది?" అని అడిగాను. ఆమె తింటున్న కంచం వదిలేసి బయటికి పోయింది. ఆ రోజు నుంచి నాతో మాటల్లేవు.

దీవెన


బెంగళూరు,
మే 29

ప్రియమైన దీవెనకు,

అమ్మ మీద కోపం పెట్టుకోకు. ఆమె దాస్తున్నది నా సంగతి. నా ఎడమ చెవి పుట్టినప్పటి నుంచి పనిచెయ్యదు. పెళ్ళిచూపులనాడు ఆ చెవి గోడవైపు ఉండేటట్లు కూర్చోబెట్టింది అమ్మే. ఈ మూడేళ్ళూ మనం ఎక్కడికి నడిచినా నిన్ను కుడిపక్కనే ఉంచుకున్నాను.

ఇంకోటి రాయడానికి సిగ్గుగా ఉంది. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు చర్చిలో పాటలు మోగుతున్న మైకు పెట్టె పక్కనే పాప నిద్రపోయింది. "ఎంత బుద్ధిమంతురాలో" అని ఆదెమ్మ పెద్దమ్మ మురిసిపోయింది. నాకు ఆ రోజే అనుమానం వచ్చింది, నోరు విప్పలేదు. నేను దాచుకుని బతికినట్టే అదీ బతుకుతుందిలే అనుకున్నాను. నాకు ఒక చెవైనా ఉంది, దానికి అదీ లేదేమోనన్న ఆలోచన రానివ్వలేదు. ఐదు నెలలు పోగొట్టాను.

నీ ఉత్తరం చదివాక నేల మీద అరచెయ్యి ఆనించి, పక్కవాణ్ణి గది ఆ చివర సుత్తితో కొట్టమన్నాను. అదురు చేతికి తెలిసింది. నువ్వు చెప్పిందే నిజం.

మేస్త్రికి చెప్పేశాను. ఆరో తారీఖు పొద్దున్నే ఒంగోలు బస్టాండులో ఉంటాను. పాపకంటే ముందు నా చెవికే పరీక్ష చెయ్యమని అందరి ముందూ అడుగుతాను. అమ్మకు ఈ మాట ఫోన్లో చెప్పాను. చాలాసేపు ఏడ్చి, "నేనూ వస్తా నాయనా" అన్నది. తీసుకురా.

నామీద నీకెంత కోపం వస్తుందో తెలుసు. తిట్టదలుచుకున్నదంతా నా కుడిపక్క నిలబడి తిట్టు. ఒక్క మాట కూడా పోకుండా వింటాను.

నీ వినయ్