ఉప్పు కాటు

12 జూన్ 2004

వానలు మొదలయ్యాయి. పొద్దున్న నా కూతురు ఇందు తడి వలల మధ్య ఆడుతూ దండేనికి చెయ్యి తగిలించి, జిల్లుమందమ్మా అంటూ నవ్వుకుంటూ వచ్చింది. మా అమ్మ కూడా నవ్వింది. ఉప్పు కాటులే, తడారితే పోతుంది అంది.

నాకు నవ్వు రాలేదు.

అదే రోజు, సాయంత్రం

ఉప్పు కాటు. ఎన్నాళ్లకు విన్నాను ఆ మాట! చిన్నప్పుడు మాకదే ఆట. పిల్లలమంతా చేతులు పట్టుకుని వరసగా నిలబడేవాళ్లం. మొదటివాడు దండెం ముట్టుకోవాలి. ముందు ఎవరు అరిస్తే వాళ్లు ఓడినట్టు. నేనెప్పుడూ ఓడలేదు. సముద్రం ఉప్పు వలలో నిలవుండి కరుస్తుందని నాన్న చెప్పేవాడు. ఊళ్లో ఎవరినడిగినా అదే మాట. మా చిన్నారావు మావ కూడా అదే చెప్పేవాడు. ఊరందరికీ ఇళ్లలో వైరింగ్ చేసింది ఆయనే మరి.

13 జూన్

మధ్యాహ్నం కరెంటు పోయింది. వెళ్లి తడి దండెం పట్టుకున్నాను. కరవలేదు. కరెంటు వచ్చాక వేలి కొసతో తాకాను. కరిచింది.

15 జూన్

మా ఆయన గోవింద్ గుజరాత్‌లోని వీరావల్ నుంచి కొట్టు ఫోనుకి చేశాడు. సంగతి చెప్పాను. కేకలేశాడు. వాళ్ల బోటులో నిమ్మాడ వైపు అతనొకడు ఉన్నాడట. అతని తమ్ముడు ఇంట్లో షాక్ కొట్టి పోయాడట. వైరింగ్ మొత్తం మార్పించు, పర్మిట్ ఉన్న వైర్‌మన్‌నే పిలు, మావని మాత్రం పిలవకు అన్నాడు.

బోటు మీద కూర్చుని చెప్పడం తేలిక. రోజూ సాయంత్రం టీకి వచ్చే మనిషి మొహం చూడాల్సింది నేను.

మావ అమ్మకి తమ్ముడు. ఊరికి కరెంటు స్తంభాలు వేసిన కాంట్రాక్టరు వెంట తిరిగి పని నేర్చుకున్నాడు. మా ఇంట్లో మొదటి బల్బు వెలిగినప్పుడు నేను రెండో క్లాసు. నాన్న ఆయన భుజాన కొత్త తువ్వాలు వేసి బెల్లం పెట్టాడు. అదే రోజు ఇద్దరూ కలిసి కరెంటు తీగ దిగే ఇనప పైపు నుంచి కొబ్బరిచెట్టుకి ఇనప తీగ లాగారు. గట్టి పైపు దొరికింది, వలలెంత బరువైనా ఆగుతాయి అని ఎంత మురిసిపోయారో. నాన్నని సముద్రం తీసుకుపోయింది. దండెం మిగిలింది.

17 జూన్

అడిగేశాను. మావా, నీకు పర్మిట్ ఉందా అని. టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఈ ఊరికి ఎలుగు తెచ్చినోడిని నాను. నన్ను కార్డు అడుగుతున్నావేటి గౌరీ?"

వెళ్లిపోయాడు. అమ్మ నాతో మాట్లాడటం లేదు.

18 జూన్

టీకి రాలేదు.

21 జూన్

పలాస వెళ్లాను. ఎలక్ట్రికల్ షాపు ఆయన పోలారావు అనే అతన్ని చూపించాడు. నున్నటి షర్టు, మెడలో లామినేషన్ చేసిన కార్డు. ఫోటోలో గడ్డం, ఎదురుగా గడ్డం లేదు. గీసుకున్నానన్నాడు. సరే, చెవులు కూడా గీసుకున్నాడా? కార్డు మీది నంబరు చేతి మీద రాసుకుని కరెంటాఫీసుకి వెళ్లాను. అక్కడి ఇంజనీరు శ్రీకాకుళం ఫోను చేసి కనుక్కున్నాడు. ఆ నంబరు టెక్కలి వైపు ఇంకెవరిదో. ఆ అసలు మనిషి కూడా రెన్యువల్ చేయించుకోలేదట.

బస్సులో ఏడుపొచ్చింది. మావ దగ్గర లేనిది కార్డు ఒక్కటే. వీడి దగ్గర ఉన్నదీ అదొక్కటే.

24 జూన్

ఇంజనీరు చెప్పగా కంచిలిలో కామేశ్ అనే అతన్ని కలిశాను. ఇతని నంబరు కూడా ఇచ్చి వాకబు చేయించాను. పేరు సరిపోయింది, ఊరు సరిపోయింది, పర్మిట్ నడుస్తోంది. ఫోటోలో చెవులు కూడా అతనివే.

27 జూన్

కామేశ్ వచ్చి మీటర్ పెట్టి చూశాడు. ఎర్త్ అసలు లేదు. కరెంటు తీగకి పై తొడుగు పోయి లోపలి రాగి ఆ ఇనప పైపుకి ఆనుతోందట. పైపు నుంచి దండేనికి, దండెం నుంచి తడి వలలకి. ఉప్పుగాలి తినేసిందండీ అన్నాడు. అంటే ఉప్పు పాపం కొంత ఉందన్నమాట.

స్తంభం దగ్గర లైన్ ఆపించాడు. పైపు నుంచి దండెం తీస్తే గాని పని మొదలుపెట్టనన్నాడు. అమ్మ దండెం కింద కూర్చుంది. అది మీ నాన్న కట్టింది, ముట్టుకుంటే ఊరుకోను అంది. నేనూ కటింగ్ ప్లేయర్ అందుకోలేకపోయాను. నాన్న వలలు విదిలించి ఆ తీగ మీద వేస్తుంటే ఆ తుంపర్లు నా మొహం మీద పడేవి. ఆ మనిషి గుర్తులు అక్కడ తప్ప ఇంకెక్కడా లేవు నాకు.

కామేశ్ రేపొస్తానని వెళ్లిపోయాడు.

28 జూన్

పొద్దున్నే కామేశ్ వచ్చాడు, వెనకాలే మావ వచ్చాడు. ఎవరు చెప్పారో. నా వైపు చూడలేదు. నేరుగా కామేశ్ దగ్గరికి వెళ్లి చెయ్యి చాచాడు.

"కార్డేది బాబూ? సూపించు."

అటూ ఇటూ తిప్పి చూశాడు. ఫోటో చూశాడు, మొహం చూశాడు. తిరిగిచ్చి, లైన్ ఆపించావా అని అడిగి, టెస్టర్ పెట్టి చూడమన్నాడు. అప్పుడు వెళ్లి దండెం కింద అమ్మ పక్కన కూర్చున్నాడు.

"నెగు అప్పా. నా సేత్తో కట్టింది నానే ఇప్పుతాను."

అమ్మ లేచింది. మావ నిచ్చెన ఎక్కాడు. తుప్పు పట్టిన ముడి ఎంతకీ రాలేదు. కత్తిరించమంటే వినలేదు. వేళ్లు చీరుకుపోయినా విప్పాడు. తీగ కింద పడ్డప్పుడు నాన్న రెండోసారి పోయినట్టనిపించింది.

మావ దిగలేదు. అక్కడి నుంచే ఊరి ఇళ్లన్నీ చూస్తున్నాడు. ప్రతి పైపుకీ ఒక దండెం.

"గౌరీ, పిల్లలు ఆడతన్నారే," అన్నాడు.

2 జూలై

మావ రోజూ నిచ్చెన భుజాన వేసుకుని తిరుగుతున్నాడు. కామేశ్ వెనక. ఇతను లైన్ ఆపించడం, ఆయన ముడి విప్పడం. వలలెక్కడ ఆరేసుకోవాలని కొందరు తిట్టారు. కర్రలు పాతుకోండి అంటున్నాడు. సాయంత్రం మా ఇంటికి టీకి వచ్చాడు. చక్కెర తక్కువైందని వంక పెట్టాడు. హమ్మయ్య.

5 జూలై

మా ఇంటి పని అయింది. కామేశ్ స్విచ్ వేశాడు. అమ్మ రెండు తువ్వాళ్లు తెప్పించింది.

6 జూలై

పెద్ద వాన. కొబ్బరిచెట్టుకి తీగ కోసిన గాటు ఉంది. ఇందు దాని మీద చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది. ఏమీ లేదమ్మా అంది. నేనూ వెళ్లి చెయ్యి పెట్టాను.

ఏమీ లేదు.