చెదలు తిన్న దర్వాజ

అన్నా, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది.

పొద్దున అల్వాల్‌లో మనిద్దరం దర్వాజలు చేసి బిగించిన ఇంటి పెద్దమ్మ పిలిస్తే వెళ్లాను. వంటింటి దర్వాజను చెదలు తినేశాయి. వేలు పెడితే పొడి రాలింది.

"మీ ఇద్దర్ల గిది ఎవలు జేసిన్రు?" అని అడిగింది.

తొందరలో చెదల మందు పూయకుండా బిగించింది నేనే. అయినా "అన్న జేసిండు" అన్నాను.

"పోనీ తియ్. పోయినోన్ని ఏమంటం?" అంది.

దూలపల్లి దాకా వచ్చాక ఉండలేక వెనక్కి వెళ్లాను. "అది నేను జేసిందే, పెద్దమ్మా."

"నాకెర్కే బిడ్డా. మీ అన్న గోడ దిక్కు గూడ మందు రాయంది దర్వాజ నిలవెట్టడు."

నువ్వు చేసిన ముందరి దర్వాజలోంచే తల వంచుకుని బయటికొచ్చాను, అన్నా.