కొత్త మీటరు వచ్చింది, మావా

మావా, నువ్వు పోయి రేపటికి ఏడాది. ఇది నీకు చేరదని తెలుసు, అయినా రాస్తున్నాను. మన గౌరి నీ దుకాణం మళ్లీ తెరిచింది. పూడిమడక పడవలవాళ్ల వాకీటాకీలు బాగుచేస్తోంది. సెట్టు ఎంత బలంగా పలుకుతుందో చూపే మీటరు కొనడానికి నిన్న నన్నూ విశాఖపట్నం తీసుకెళ్లింది.

"సవకది సాల్దేటే?" అన్నాను.

"సాలదమ్మా. నడి సముద్రంలో సెట్టు మూగబోతే ఆల్ల గోడెవులింటారు?" అని మంచిదే తీసుకుంది.

ఏరియల్ బదులు తగిలించే డమ్మీ లోడు నేనే గుర్తుచేశాను. రెండూ లేకుండా బటన్ నొక్కితే సెట్టు కాలిపోతుందని నువ్వు రోజూ అరిచేవాడివిగా.

ఇంటికొచ్చాక దిగులు పట్టుకుంది. నువ్వు బాగైన సెట్టు పట్టుకుని కశింకోట రోడ్డున నడుస్తూ "ఇనపడతందా?" అనేవాడివి. నేను దుకాణంలో రెండో సెట్టు పట్టుకుని "ఇనపడతంది మావా, ఇంకా దూరమెల్లు" అనేదాన్ని. ఇక అదీ మీటరే చూసుకుంటుంది, నాతో ఎవరికీ పనుండదు అనుకున్నాను. గౌరితో అదే అన్నాను.

"మీటరు బలం సెప్తాది గానీ, మాట తెలుత్తందో లేదో సెప్పదే. నువ్వు కూకో" అని నా చేతిలో సెట్టు పెట్టి తను రోడ్డెక్కింది. ఆటోలు ఎలా వస్తాయో నీకు తెలుసు. నా ప్రాణం నిలవలేదు.

"ఇనపడతందా?" అంది గౌరి.

"ఇనపడతంది మావా" అన్నాను, అలవాటున.



"ఇంకా దూరమెల్లనా అమ్మా?" అంది.

"వద్దే, ఎనక్కొచ్చీ" అన్నాను.