నా మాటకు నీ పేరు

యేసుదాసూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన తాతలు వలసొచ్చిన ఈ అహ్లోన్ పేటలో మన తెలుగు బాప్టిస్టు సంఘం నీ జ్ఞాపకార్థ కూడిక పెట్టింది. ఈ యుద్ధంలో సైనికులు తమ మూటలు మోయడానికి మన కుర్రాళ్లను పట్టుకుపోతున్నారు. సంఘం నోరు విప్పాలా వద్దా అని పెద్దలు తర్జనభర్జన పడ్డారు. నేను లేచాను.

"అమెరికా అంతర్యుద్ధంలో బైబిలు చేతపట్టే బానిసత్వాన్ని వెనకేసుకొచ్చిన బాప్టిస్టులున్నారు. ఆ సిగ్గు మనకొద్దు."

ఇంగ్లీషు రెండు పేజీలు చదివితే నీకు నిద్రొచ్చేది. ఇది చదివి నీకు చెప్పింది నేను. దాన్నే వేదికెక్కి చెప్పి జనాన్ని ఏడిపించింది నువ్వు.

నీ భార్య కళ్లు తుడుచుకుంది.

"ఏటి బావా, అచ్చం మా ఆయన మాటే!"

"యేసుదాసు మాస్టారి మాటంటే మాటే," అంటూ సమ్మతిగా అందరూ లేచి నిలబడ్డారు.

అది నా మాటంటే మళ్లీ కూర్చుంటారని ఊరుకున్నాను.